కీళ్ళ మాత్రలు

"ఇవాళ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పొద్దుటినుంచి గూద్రున్ ఈ మాట అడగడం ఎన్నోసారో. అస్గెర్ వినపడనట్టే జెండా తాడుకు పడ్డ ముడి విప్పుకుంటూ నిలబడ్డాడు. ఇవాళ అతని డెబ్బయ్యో పుట్టినరోజు. పెరట్లో జెండా ఎగరకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు.

"నిన్నే అడుగుతున్నాను."

"పుట్టినరోజు పూట ఎందుకు గూద్రున్? పిల్లల్ని భోంచెయ్యనీ. తర్వాత చూద్దాం."

"ఈస్టర్ నాడూ ఇదే అన్నావు, తర్వాత చూద్దామని. నీ తర్వాత ఎప్పుడొస్తుందో గానీ, నేను మాత్రం బేకరీకి వెళ్ళడం మానేశాను."

"ఎందుకు మానెయ్యడం? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనరు. అదే బాధ. చర్చిలో పాటలకు వెళ్తే కిర్స్టెన్ నా పక్క కుర్చీలో సంచీ పెట్టింది. ఎవరో వస్తారంది. ఎవరూ రాలేదు. పాటలన్నీ అయ్యేదాకా ఆ కుర్చీలో సంచీయే కూర్చుంది."

అస్గెర్ ముడి వదిలేసి, ఊరిని ఆనుకుని లోపలికొచ్చిన సముద్రపాయ, ఫ్యోర్డు వైపు చూశాడు. నీళ్ళ మీద జూన్ ఎండ కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. నలభై ఏళ్ళు ఆ ఒడ్డునే పడవలు తయారుచేసిన మనిషి. చెక్క ఎక్కడ చీలుతుందో చూసి చెప్పగలడు. ఇంట్లో మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం మూగనోము పట్టేస్తాడు.

"మైకెన్ తట్టుకోలేదు," అన్నాడు చివరికి, కూతుర్ని తలుచుకుని. "వాళ్ళమ్మ ఎల్సెబెత్ పోయి రెండేళ్ళు కాలేదు. బాసె ఆవిడ కుక్క. ఆఖరిరోజు దాకా ఆవిడ మంచం పక్కనుంచి కదల్లేదు. ఆవిడ రొమ్ములో గడ్డతో పోయింది. ఇప్పుడు వీడి తలలోనూ గడ్డేనని నేనెలా చెప్పను దానికి?"

"చెప్పలేవు. అందుకని నేను కుక్కను పీడించానని ఊరంతా అనుకుంటుంటే ఊరుకున్నావు. బాధ నీది, నింద నాది. బాగుంది పంపకం."

అతను మళ్ళీ తాడు అందుకుని లాగాడు. జెండా సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. చావు జరిగిన ఇంట్లో అలా సగానికి ఎగరేస్తారు. గూద్రున్ అతని చేతిలోంచి తాడు లాక్కుని, పైదాకా ఎక్కించి, ముడేసి లోపలికి వెళ్ళిపోయింది.

చలికాలమంతా ఆ కుక్కతో ఇంట్లో ఉన్నది ఆవిడే. ఎల్సెబెత్ పోయాక గూద్రున్ ఈ ఇంట్లో కాలుపెట్టిన మొదటి నెలల్లో బాసె ఆవిడ కాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోయేది. తర్వాతే ఏదో మారింది. తలుపు తీస్తే, తెరుచుకునే వైపు కాక, కీలు వైపు వెళ్ళి నిలబడేది. గోడకు నుదురు ఆనించి, అక్కడే ఏదో వినిపిస్తున్నట్టు ఉండిపోయేది. ఎప్పుడూ కుడి పక్కకే తిరుగుతూ గదిలో గుండ్రంగా నడిచేది. రోజూ అన్నం పెట్టే చేతిని చూసి గుర్రుమంది. ఒకనాడు ఆ చేతినే కరిచింది.

కుక్కకు ఒంట్లో బాగాలేదని గూద్రున్ నెత్తీనోరూ కొట్టుకుంది. కొత్త మనిషిని చూసి అలుగుతున్నాడని అస్గెర్ అన్నాడు. కొత్త మనిషి ఏం చేస్తే అలా అయ్యాడని మైకెన్ అడిగింది. వంటింటి నేల మీద బాసె కాళ్ళు కొట్టుకుంటూ నురగ కక్కిన రోజుగానీ అస్గెర్ కారు తీయలేదు.

పెద్దాసుపత్రిలో స్కాన్ తీశాక, ఊళ్ళో పశువుల డాక్టరు వీబెకె వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పుర్రె గట్టి పెట్టె. అది సాగదు. లోపల గడ్డ పెరుగుతుంటే నలిగేది మెదడే. నలిగిన చోటు ఏ పని చేస్తుందో ఆ పని చెడుతుంది. వీడికి కుడివైపు ముందు భాగంలో ఉంది. గుణం మారేది, గుర్తు తప్పేది అందుకే. కోపం వాడిది కాదు, జబ్బుది. ఈ చప్పిడిముక్కు జాతికి, వయసు మళ్ళాక, ఇది ఎక్కువగానే వస్తుంటుంది. ఎవరూ ఏదో చేసినందుకు రాదు."

"మందు?" అని అడిగాడు అస్గెర్.

"ఉన్న చోటును బట్టి కోత కుదరదు. రేడియేషన్ ఇస్తే ఏడాదో, ఇంకాస్తో బతకొచ్చు. ఏమీ వద్దంటే మాత్రలిస్తాను. ఒకటి మూర్ఛ రాకుండా. రెండోది స్టెరాయిడ్. అది గడ్డను ముట్టుకోదు, చుట్టూ ఉన్న వాపును లాగేస్తుంది. కొన్ని వారాలు మీ పాత కుక్క మీకు తిరిగొస్తాడు. అది చూసి నయమైపోయిందనుకోకండి. ఏ ఒక్కటీ ఉన్నట్టుండి ఆపకండి."

రేడియేషన్ అన్న మాట వినగానే అస్గెర్ లేచి నిలబడ్డాడు. ఎల్సెబెత్‌తో ఆసుపత్రి వసారాల్లో కూర్చున్న మనిషి. మళ్ళీ కూర్చోలేనన్నాడు. మాత్రలు చాలన్నాడు. మా అమ్మాయికి ఒక్క ముక్క కూడా తెలియకూడదన్నాడు. ఇది తప్పని గూద్రున్ ఆ గదిలోనే అంది. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలాడు. కొద్దిరోజులే, నేనే చెప్తాను, నువ్వు మాటియ్యి అన్నాడు. ఇచ్చింది.

ఆ కొద్దిరోజులు గడవకముందే మైకెన్ వచ్చి, గూద్రున్ చేతికున్న కట్టునూ, వంటింట్లో పెట్టి తలుపేసిన కుక్కనూ చూసి, ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, బాసెను తన ఇంటికి తీసుకుపోయింది. వెళ్తుంటే అస్గెర్ పరిగెత్తుకెళ్ళి మాత్రలు ఇచ్చాడు, పాత విటమిన్ డబ్బాలో పోసి. కీళ్ళ నొప్పులకమ్మా, రోజూ వెయ్యి అన్నాడు.

వారం తిరక్కుండా కుక్క గంతులేసింది. మైకెన్ కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది: ఆ ఇంట్లోంచి తెచ్చేశాను, బాగుపడిపోయాడు.

* * *

మైకెన్ కారు తలుపు తీసీ తియ్యకముందే బాసె కిందికి దూకింది. గోధుమరంగు బాక్సరు జాతి కుక్క. కాళ్ళు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం పీపాలా వేలాడుతోంది. అయినా పచ్చిక మీద అడ్డదిడ్డంగా పరిగెత్తి వచ్చి అస్గెర్ మోకాళ్ళకు గుద్దుకుంది.

"చూడు నాన్నా వీణ్ణి! కుక్కపిల్లయిపోయాడు." మైకెన్ తండ్రిని వాటేసుకుంది. అతని భుజం మీదుగా గూద్రున్‌కు వినపడేలా అంది: "చోటు మారితే చాలు, కొన్ని రోగాలకు మందే అక్కర్లేదు."

"రా మైకెన్. రా బాబూ రూన," అంది గూద్రున్, వెనకే దిగిన అల్లుణ్ణి కూడా చూసి.

మైకెన్ చేతిలో కేకు పళ్ళెం ఉంది. దాన్ని గూద్రున్ చేతుల్లో పెట్టింది. "బల్ల మీద పెట్టండి. అమ్మ చేసే పద్ధతి. నాన్నకి అదొక్కటే నచ్చుతుంది."

వంటింటి బల్ల మీద గూద్రున్ చేసిన స్ట్రాబెర్రీ కేకు అప్పటికే ఉంది. ఆవిడ రెండో కేకును దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి.

భోజనాల దగ్గర కాసేపు బాగానే గడిచింది. లేత బంగాళాదుంపలు, ఊరవేసిన హెర్రింగ్ చేప, నల్లరొట్టె. చిన్నగ్లాసుల్లో స్నాప్స్ సారాయి పోసి రూన మామగారికి ఆయుష్షు కోరాడు. నలుగురూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి తాగాలి. మైకెన్ కళ్ళు గూద్రున్ దగ్గర ఆగలేదు. మణికట్టు మీద ఆగాయి.

"గాయం మానినట్టుందే."

"మానింది."

"ఊరికే కరిచే కుక్క కాదు వాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ పిల్లి మీద కూడా నోరు చెయ్యలేదు."

"అవును. ఊరికే కరవలేదు," అని గూద్రున్ అస్గెర్ వైపు చూసింది.

"అంటే ఒప్పుకుంటున్నారన్నమాట, కారణం ఉందని."

"ఉంది. మీ నాన్ననడుగు."

"బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి," అన్నాడు అస్గెర్.

రూనకు మాటలు పెరగడం ఇష్టముండదు. ఎక్కడ పెరిగినా తేలిక మాటేదో తెచ్చి అడ్డం వేస్తాడు. అలా వేసిన మాటే ఒక్కోసారి కొంప ముంచుతుంది.

"కుక్కపిల్లేగానీ అత్తయ్యా, నీళ్ళకుక్కపిల్ల," అన్నాడు నవ్వుతూ. అత్తయ్యా అన్న పిలుపుకు మైకెన్ కళ్ళెర్రజేసింది. ఆమె గూద్రున్‌ను ఏ వరుసా పెట్టి పిలవదు. "బకెట్లకు బకెట్లు తాగుతాడు. తాగిందంతా హాల్లో తివాచీ మీదే. తిండంటారా, మొన్న లివర్ పేస్టు రేకుడబ్బాతో సహా మింగబోయాడు."

"అందుకే ఆ మాత్రలు ఆపేశాను," అంది మైకెన్.

గూద్రున్ చేతిలో చేప గిన్నె గాల్లోనే ఆగింది.

"ఏ మాత్రలు?"

"ఇంకే మాత్రలు? నాన్న ఇచ్చిన కీళ్ళ మాత్రలు. రెండు రకాలూ. లేడిపిల్లలా పరిగెడుతుంటే ఇంకా కీళ్ళకేంటి మందు?"

"ఎప్పుడు ఆపావు?"

"గురువారం."

"ఒక్కసారిగానా?"

"మరి? చర్చిలో ప్రకటించి ఆపాలా?"

గూద్రున్ గిన్నె కింద పెట్టింది. "అస్గెర్."

ఆ పిలుపులో ఉన్నదంతా అతనికి అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. గూద్రున్ ఊపిరి బిగబట్టింది.

"అవి... అలా ఆపెయ్యకూడదేమో అమ్మా. ఇవాళ్టినుంచి మళ్ళీ వెయ్యి. ఆపేస్తే కీళ్ళు పట్టేస్తాయి."

"కీళ్ళు," అంది గూద్రున్.

"మధ్యలో మీకేమిటి కంగారు?" మైకెన్ ఫోర్కు పళ్ళెంలో పడేసింది. "మీ దగ్గరున్నప్పుడు లేని శ్రద్ధ ఇప్పుడెందుకొచ్చింది? అమ్మ కుర్చీ తీసేశారు, అమ్మ కర్టెన్లు తీసేశారు. కుక్కనీ తీసేద్దామనుకున్నారు, కుదర్లేదు. ఆ ఉక్రోషమేగా?"

"కర్టెన్లు చిరిగిపోయాయి మైకెన్," అన్నాడు అస్గెర్ మెల్లగా.

"దానికి మాత్రం నోరొస్తుంది నీకు," అంది గూద్రున్ అతనితో.

నలుగురూ పళ్ళేల్లోకి వంగారు. కత్తులు పళ్ళేలకు తగిలే చప్పుడు, కిటికీ అవతల జెండా తాడు కొయ్యకు కొట్టుకునే చప్పుడు.

గూద్రున్ లేచి, చేపతోలు, దుంపలు కలిపి బాసె గిన్నెలో వేసింది. ఏదో ఒక పని చెయ్యకపోతే నోరు జారేలా ఉంది. అందరి చూపూ అటే పోయింది. బాసె ఆత్రంగా తింది. కుడివైపు సగం నున్నగా నాకేసింది. ఎడమవైపు సగం కత్తితో గీత గీసినట్టు అలాగే ఉంది. ఇంకా కావాలన్నట్టు తలెత్తి చూసింది. గూద్రున్ గిన్నెను గుండ్రంగా తిప్పింది. అప్పుడే కొత్తగా పెట్టినట్టు మిగతాది తినేసింది.

"ఏమిటా ఆట?" అంది మైకెన్.

"ఆట కాదు. ఆ పక్కన ఉన్నది వాడికి లేనట్టే. కంటికి కనపడినా తలకెక్కదు."

"గూద్రున్!" అస్గెర్ చెయ్యి తగిలి గ్లాసు ఒరిగింది.

"ఏమంటోంది ఈవిడ? నాన్నా?"

"ఏం లేదమ్మా. ముసలివాడయ్యాడు. చూపు మందగించింది."

"మా ఇంట్లో బాగానే తింటున్నాడే! ఈ ఇంట్లో అడుగుపెట్టగానే..." మైకెన్ మాట సగంలో ఆగిపోయింది.

బాసె బల్ల చుట్టూ నడుస్తోంది. కుడికి, మళ్ళీ కుడికి. రెండోసారి అస్గెర్ కుర్చీ దాటాక నిలబడిపోయింది. మూతి ఒక పక్క అదిరింది. గాలిలో ఈగను పట్టబోయినట్టు దవడలు టకటకలాడాయి. అంతలో నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగుసుకుని దబ్బున పక్కకు పడిపోయింది.

"బాసే!" మైకెన్ నేల మీద కూలబడి దాని తలను పట్టుకోబోయింది.

"నోటి దగ్గర చెయ్యి పెట్టకు!" గూద్రున్ అరిచిన అరుపుకు రూన కుర్చీ వదిలి లేచాడు. "పట్టుకోవద్దు. వదిలెయ్. రూనా, కుర్చీలు జరుపు. తలకు తగలకుండా. కర్టెన్లు లాగెయ్."

ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది. సొరుగు తెరిచిన చప్పుడయింది. చేతిలో చిన్న గొట్టంతో వచ్చి, కొట్టుకుంటున్న కుక్క వెనక మోకరిల్లి, తోక పక్కకు తీసి మందు ఎక్కించింది. బాసె గోళ్ళు నేలను గీకుతూనే ఉన్నాయి. నురగతో తెల్లబడ్డ మూతి కింద నేల తడిసింది. గూద్రున్ దాని నడుం మీద అరచెయ్యి ఆనించి ఏదో సన్నగా అంటూనే ఉంది. అది మాటో పాటో ఎవరికీ తెలియలేదు.

చాలాసేపటికి కాళ్ళు వదులయ్యాయి.

మైకెన్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆమె కుక్కను చూడటం లేదు. గూద్రున్ చేతిలోని ఖాళీ గొట్టాన్ని చూస్తోంది.

"ఈ మందు ఈ ఇంట్లో ఎందుకుంది?"

మైకెన్ తండ్రి వైపు తిరిగింది.

"ఏం చెయ్యాలో ఈవిడకి తెలుసు. మందు సొరుగులో ఉంది. కీళ్ళ నొప్పుల కుక్కకి ఈ మందెందుకు నాన్నా?"

అస్గెర్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. గూద్రున్ వైపు చూశాడు. చెప్పనన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈసారి నువ్వే.

"తలలో గడ్డ ఉందమ్మా," అన్నాడు. "మెదడులో."

"ఎవరికి?" అనేసి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది మైకెన్. తర్వాత అడిగింది: "ఎప్పటినుంచి తెలుసు?"

"ఈస్టర్ ముందునుంచి."

"ఆ మాత్రలు?"

"ఒకటి మూర్ఛకి. ఒకటి వాపుకి."

"నేనాపేసినవి." ఆమె తన అరచేతులు చూసుకుంది. "నా చేత్తో నేనాపేశాను. నువ్వు ఇందాక కూడా కీళ్ళనే అన్నావు. ఇందాక కూడా!" కుక్క వైపు చూసి మళ్ళీ అడిగింది: "దీనికి వైద్యం లేదా?"

"పూర్తిగా పోదు."

"అది కాదు నేనడిగింది."

"రేడియేషన్ ఇస్తే ఏడాదో ఎంతో అన్నారు. వద్దన్నాం. మీ అమ్మ పడ్డది చాలదా అమ్మా? మళ్ళీ ఆ కుర్చీల్లో..."

"అది అడగాల్సింది నన్ను కాదూ? వాణ్ణి సాకుతున్నది నేను. రోజూ పొద్దున్నే వాడి మొహం చూసి, అమ్మా, నీ కుక్క బాగుందే అని చెప్పుకున్నాను. నాకెందుకు చెప్పలేదు?"

"మేం..." అస్గెర్ పెదాలు తడుపుకున్నాడు. "మేమిద్దరం అనుకున్నాం. నువ్వు తట్టుకోలేవని. నిన్ను బాధపెట్టడం ఎందుకని, ఇద్దరం కలిసి..."

గూద్రున్ తలెత్తింది.

ఇంతలో బాసె కదిలింది. తడబడుతూ లేచి, తనకెదురుగా ఉన్న మనిషిని చూసింది. "బాసే, నేనురా, నా బంగారూ," అని మైకెన్ చెయ్యి చాపింది. కుక్క పళ్ళన్నీ బయటపెట్టి గుర్రుమంది. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాసేపు వాడికి ఎవరూ గుర్తుండరు," అంది గూద్రున్. "అది నీ మీద కోపం కాదు. ఆ రోజు నా మీదా కాదు."

ఆ మాట మైకెన్‌కు తగిలింది. తగిలినందుకే ఇంకా మండింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని గూద్రున్ వైపు తిరిగింది.

"ఇద్దరూ అనుకున్నారట. అమ్మ కుక్క చచ్చిపోతోందని మీకు తెలుసు, నాకు తెలీదు. నేను ఊళ్ళో అందరికీ బాగుపడిపోయాడని చెప్పుకుంటుంటే మీరు లోపల నవ్వుకున్నారా?"

"లేదు."

"చెప్పొద్దన్నది ఎవరు? మీరేనా?"

గూద్రున్ అస్గెర్ వైపు చూసింది. ఒక్క మాట చాలు. కాదు అంటే చాలు. అతను కుర్చీలో కూర్చుని వంగి, తివాచీలోంచి పైకి లేచిన దారప్పోగును వేలికి చుట్టుకుంటున్నాడు. ఆవిడ ఇంకాస్సేపు ఆగింది. గడియారం చప్పుడు, కుక్క రొప్పు.

"అవును," అంది గూద్రున్. "నేనే."

అస్గెర్ ఛాతీలోంచి ఊపిరి వదిలాడు. నిట్టూర్పు కాదది. బరువు దింపుకున్న మనిషి వదిలే ఊపిరి. గదిలో మిగతా ఇద్దరూ గమనించారో లేదో. గూద్రున్ మాత్రం విన్నది.

"నాకు తెలుసు," అంది మైకెన్. "నాన్నకి ఇలాంటి బుద్ధులు లేవు."

* * *

వీబెకెకు ఫోను చేసింది గూద్రునే. ఆదివారమైనా క్లినిక్ తెరిచి ఉంచుతాను, తీసుకురండి అంది డాక్టరు. రూన, అస్గెర్ దుప్పట్లో కుక్కను మోసుకెళ్ళి కారు వెనక పడుకోబెట్టారు. గూద్రున్ చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది.

"నాన్న వస్తాడు," అంది మైకెన్ కారు తలుపు పట్టుకుని. "మీరక్కర్లేదు."

రూన నేల చూపులు చూశాడు. "ఆవిడుంటే మంచిదేమో మైకెన్. ఎప్పుడెప్పుడు ఎలా వచ్చిందో ఆవిడకే..."

"అక్కర్లేదన్నాను."

అస్గెర్ ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఒక్కసారైనా ఇటు తల తిప్పుతాడేమోనని గూద్రున్ గేటు దాకా నడిచింది. కారు మలుపు తిరిగింది.

ఎదురింటి ముసలాయన కంచె మీదుగా చెయ్యూపాడు. "అస్గెర్‌కు శుభాకాంక్షలు చెప్పండి!"

"చెప్తాను," అంది గూద్రున్.

ఇంట్లోకి వచ్చి కర్టెన్లు తీసింది. బకెట్‌తో నీళ్ళు తెచ్చి నేల కడిగింది. రెండు కేకుల మీదా మూతలు పెట్టింది. మంచం పక్క సొరుగులో ఉన్న రెండు రకాల మాత్రలూ తీసి, క్లినిక్‌లో అడుగుతారేమోనని, బల్ల మీద పెట్టింది. మళ్ళీ అనుకుంది, నన్నెవరు రమ్మన్నారని.

తను ఎందుకలా అందో తనకే తెలియలేదు. అతన్ని కాపాడాలనా? కాదు. నా మాట కాదంటాడా అని చూసింది, అంతే. అబద్ధమాడి ఒక ఎర వేసింది. నిజం చెప్పే మనిషైతే ఆ ఎరకే నోరు తెరిచేవాడు. అరవై నాలుగేళ్ళ వయసులో, ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి కుర్చీల మధ్య, తను ఎవర్ని నమ్ముకుని వచ్చిందో ఆ మనిషి తివాచీ దారం పీక్కుంటూ కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"గూద్రున్ గారూ, నేను, వీబెకె. దారిలో మళ్ళీ ఒకసారి వచ్చిందట. ఇప్పుడు మత్తులో ఉంచాను. ఆఖరి మాత్ర ఎప్పుడు పడింది? అస్గెర్ గారికి ఏదీ సరిగ్గా చెప్పడం రావట్లేదు."

"బుధవారం రాత్రి వేసి ఉంటారు. గురువారం నుంచి లేవు. రెండు రకాలూ ఆపేశారు. ఇక్కడ మూతి ఎడమ పక్కనుంచి మొదలైంది. మీరిచ్చిన గొట్టం మందు పెట్టాను, ఒకటే. గిన్నెలో ఎడమ సగం మళ్ళీ వదిలేస్తున్నాడు."

"అది చాలు. ఇవన్నీ నాకు కావలసినవే." అటువైపు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు. "ఆ అమ్మాయి రేడియేషన్‌కు వెంటనే రాయమంటోంది. అప్పుడే ఎందుకు రాయలేదని నన్ను నిలదీస్తోంది. ఇంకా చెయ్యి దాటలేదేమో, స్కాన్ మళ్ళీ తీస్తేగానీ తెలీదు. గడిచిపోయిన వారాలైతే వెనక్కి రావు."

"తెలుసు."

"ఇంకో మాట." వీబెకె గొంతు తగ్గించింది. "దాచమన్నది గూద్రునేగా అని ఆ అమ్మాయి నన్నడిగింది. ఆ రోజు ఈ గదిలో నేనూ ఉన్నాను. ఆయనేమన్నారో విన్నాను, మీరేమన్నారో విన్నాను. మీ ఇంటి గొడవలో తలదూర్చడం నా పని కాదు. కానీ నా మొహం మీద అడుగుతుంటే అబద్ధం నేను చెప్పలేను. ఏం చెయ్యమంటారు?"

గూద్రున్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజంతా ఆవిడ స్థిమితంగా కూర్చోవడం అదే మొదలు.

"అస్గెర్ ఉన్నాడా అక్కడ?"

"ఎదురుగానే ఉన్నారు. వింటున్నారు."

"ఫోను ఆయనకివ్వండి."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. డాక్టరు ఏదో అంది. అస్గెర్ గొంతు వినిపించింది, మాట మాత్రం తెలియలేదు. మళ్ళీ డాక్టరు. తర్వాత అంతా నిశ్శబ్దం. లైను పోయిందేమోనని గూద్రున్ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది.

"నేను మైకెన్‌ని."

ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. అందులో ఇందాకటి వేడి లేదు.

"నాన్న ఫోను తీసుకోనంటున్నాడు," అంది. "చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎందుకో మీరు చెప్పండి."